విరగని పాలు

పాలు విరిగాయని వెనక్కి పంపడం నాకు కొత్త కాదు. విరగలేదని వెనక్కి పంపడం మాత్రం ఆ వేసవిలోనే చూశాను. పంపించిందీ నేనే.

మాది కొల్లేటి లంక. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు పాలు పోస్తారు. తెల్లవారకుండానే పితికి, ఎవరి క్యాను వాళ్ళు రేవుకు తెచ్చి పెడతారు. క్యానుల మీద ఎర్ర రంగుతో నంబర్లు ఉంటాయి. వాటిని దోనెలోకి ఎక్కించి, చేపల చెరువుల మధ్య కాలువలో గుర్రపుడెక్కను గెడతో పక్కకు తోసుకుంటూ ముప్పావుగంట వస్తే రోడ్డు తగులుతుంది. అక్కణ్ణుంచి ట్రాలీ ఆటోలో మండవల్లి దగ్గర పాలకేంద్రానికి చేరాలి. దించుకోవడం, ఎక్కించుకోవడం అంతా కలిపి రెండు గంటలు. శీతాకాలంలో ఆ రెండు గంటలూ లెక్కలోకి రావు. వైశాఖం వచ్చిందంటే మాత్రం రోజూ ఎవరో ఒకరి పాలు విరుగుతాయి. వాటిని కేంద్రం ఇన్‌చార్జి శ్రీనివాసరావు గారు వెనక్కి ఇచ్చేస్తారు. నేను ఆ క్యాను తెచ్చి వాళ్ళ గుమ్మంలో పెట్టి, "ముందు గిన్నెలు కడుక్కోవడం నేర్చుకోండి" అని ఓ మాట అనేసి వస్తాను. ఆ మాట అనడంలో నాకు కాస్త సుఖం ఉండేది. ఇప్పుడు దాచుకుని ఏం చేస్తాను?

అంతకు మించిన సుఖాలేవీ నాకు మిగల్లేదు మరి. ఏడో తరగతితో బడి మానేసి, ఏలూరులో ఓ ప్రైవేటు డెయిరీలో క్యానులు మోసీ మోసీ, చివరికి సొంతంగా ఒక రూటు సంపాదించుకున్నాను. పాలు విరక్కుండా చిటికెడు సోడా వెయ్యడం ఆ రోజుల్లో అక్కడ అందరూ చేసే పనే. పట్టుబడ్డప్పుడు మాత్రం నా ఒక్కడి పేరే బయటికొచ్చింది. మిగతావాళ్ళు నా వైపు చూసి తలలు ఊపారు. ఆ రూటు పోయి, లంకకు తిరిగొచ్చి ఈ పని పట్టుకున్నాను. పదకొండేళ్ళ కిందటి మాట అది. అప్పట్నుంచీ నిజాయితీపరుడని ఎవరినైనా చూపిస్తే, ఇంకా దొరకలేదు కాబోలు అనుకునేవాణ్ణి.

మణెమ్మను గురించి కూడా అలాగే అనుకున్నాను.

ఆవిడకు అరవై అయిదేళ్ళు ఉంటాయి. ఒక్కతే ఉంటుంది. ఒక గేదె, దాని కింద దూడ. లంక చివర, చెరువు గట్టు మీద ఇల్లు. అందరికంటే ముందు పాలు తెచ్చేది ఆవిడే కాబట్టి అందరికంటే ఎక్కువసేపు ఎండ తినేది పదిహేడో నంబరు క్యానే. అయినా ఆవిడ పాలు ఒక్కసారి కూడా విరగలేదు. అది నాకు మింగుడు పడేది కాదు.

ఇంకో సంగతి ఉంది. మా క్యానుల మూతలు సొట్టలు పడి సరిగ్గా బిగియవు. దోనె ఊగితే పాలు తొణికిపోతాయి. అందుకని ప్రతి క్యాను మూతి కిందా వరిగడ్డి చుట్ట ఒకటి దూర్చడం మా నాన్న కాలం నుంచీ ఉన్న పద్ధతి. రేవులో కూర్చుని ఆ చుట్టలు నేనే చుట్టి పెడతాను. మణెమ్మ మాత్రం నా చుట్ట తీసుకునేది కాదు.

"వద్దు బాబూ, నా రెమ్మ నాకుంది" అనేది.

ఆవిడ క్యాను మూతిలో జామ రెమ్మ ఉండేది, ఆకులతో సహా. నా గడ్డి కంటే నీ ఆకు గొప్పదా అని నాకు లోపల గుచ్చుకునేది.

కేంద్రంలో పాలకు నీలం మందు పరీక్ష చేస్తారు. చిన్న గాజు గొట్టంలో పాలు పోసి, నీలం రంగు చుక్కలు వేసి, గోరువెచ్చటి నీళ్ళలో నిలబెడతారు. పాలలో క్రిములు ఎన్ని ఎక్కువుంటే ఆ నీలం అంత తొందరగా పోయి గొట్టం తెల్లబడుతుంది. మా లంక పాలు రెండు గంటలకే తెల్లబడేవి. ఒక రోజు మధ్యాహ్నం శ్రీనివాసరావు గారు నన్ను పిలిచి గొట్టాల వరస చూపించారు. అన్నీ తెల్లగా ఉన్నాయి. పదిహేడో నంబరు ఒక్కటే నీలంగా ఉంది.

"ఏంటండీ గంగరాజు గారూ, ఇది ఆకాశమా, పాలా?" అన్నారు.

"ఏం కలిపారంటారండీ?"

"పెరాక్సైడ్ అయ్యుంటుంది. దాంతో అయితే క్రిమి అన్నది ఉండదు. అది ఉందో లేదో చూసే కాగితం పట్టీలు అయిపోయాయి, ఏలూరు నుంచి రావాలి. ఈలోగా ఆవిడ పాలు ఆపెయ్యండి. అనుమానం అని పైకి రాసేశాను."

"పట్టీలు వచ్చాక ఆపితే పోలేదాండీ" అని నేను అని ఉండాల్సింది. అనలేదు. మర్నాడు పొద్దున్న రేవులో, అందరూ ఉండగా, పదిహేడో నంబరు క్యాను దోనెలోంచి తీసి గట్టు మీద పెట్టాను.

"మీ పాలు వద్దన్నారు మణెమ్మ గారూ. మందు కలుపుతున్నారంట."

ఆవిడ క్యాను వైపు చూసింది, నా వైపు చూసింది. పోట్లాడుతుందనుకున్నాను. సిద్ధపడే వచ్చాను కూడా.

"విరిగితే వద్దంటారు, విరక్కపోయినా వద్దంటారు" అంది నెమ్మదిగా. "మరి పాలు ఎలా ఉండాలో నా గేదెకు మీరే చెప్పండి బాబూ. నా మాట అది వినదు."

ఒకరిద్దరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. క్యాను చంకన పెట్టుకుని గట్టెక్కి వెళ్ళిపోయింది.

లంకలో మాట గుర్రపుడెక్క కంటే తొందరగా అల్లుకుంటుంది. మూడో నాటికి ఆవిడ పేరు మందు మణెమ్మ అయింది. పక్కింటి తోమా మనవరాలికి ఏడాది నిండలేదు, ఆ పిల్లకు రోజూ ఆవిడ ఇంటి నుంచే గ్లాసుడు పాలు వెళ్ళేవి. అవీ మానిపించారు. పెరుగు తోడేసి ఇస్తానన్నా ఎవరూ పుచ్చుకోలేదు. పాలు పితకకుండా ఉంటే గేదె పొదుగు గడ్డకడుతుంది. అందుకని రెండు పూటలా పితికి, దూడకు పట్టి, మిగిలింది చెరువు గట్టున పారబోసేది. గేదెను అమ్మేసి కూతురు దగ్గరికి కైకలూరు పొమ్మని కొందరు సలహా ఇచ్చారు. "అమ్ముతాను గానీ, దొంగపేరుతో అమ్మను" అందట.

ఇదంతా విని నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఎందుకు కలగలేదో నాకే తెలియలేదు.

ఆ వారమే ఉదయశ్రీ వచ్చింది. గూడెం టౌనులో కాలేజీలో చదువుకుంటున్న పిల్ల, వాళ్ళ నాన్నకు అక్కడ మార్కెట్ యార్డు దగ్గర కిరాణా కొట్టు ఉంది. పాలు ఎక్కువసేపు నిలవ ఉండేలా ఆకుల నుంచి, లవంగాల నుంచి, దానిమ్మ తొక్కల నుంచి రసం తీసి ఎనిమిది నెలలుగా పరీక్షలు చేస్తోందట. పచ్చి పాల శాంపిళ్ళ కోసం మా కేంద్రానికి నెలకు రెండుసార్లు వస్తుంటుంది. చేతిలో ఎప్పుడూ థర్మాకోల్ పెట్టె ఒకటి ఉంటుంది.

"ఎంతవరకూ వచ్చిందమ్మా మీ కషాయం?" అని అడిగాను. అందులో వెటకారం ఉంది. ఆ పిల్లకు అది అర్థం కాలేదో, అర్థమయ్యీ వదిలేసిందో.

"ఏం రాలేదండీ బాబాయ్ గారూ. గాజు పళ్ళెంలో వేస్తే క్రిములు చస్తున్నాయి. చుక్క చుట్టూ శుభ్రంగా ఖాళీ అయిపోతుంది. అదే రసం పాలలో వేస్తే ఏమీ జరగట్లేదు. పాలలో వెన్న, మాంసకృత్తులు దాన్ని పట్టేసుకుంటున్నాయి. పని చేసేంత వేస్తే పాలు ఆకుపచ్చగా అయి చేదెక్కుతున్నాయి. మా అమ్మ వాటితో టీ పెట్టి మా నాన్నగారికి ఇచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదండి ఆయన."

"ఎనిమిది నెలల చదువుకు ఇంతేనా?"

"ఇంతేనండి" అంది. గొంతు కొంచెం దిగింది. నాకు ఆ వెటకారం వెనక్కి తీసుకోవాలనిపించింది.

శ్రీనివాసరావు గారు ఆ నీలం గొట్టం సంగతి ఆ పిల్లకు చెప్పారు. ఆ పిల్ల పెట్టెలో పెరాక్సైడ్ పట్టీలు ఉన్నాయట. నేనే దోనెలో ఆ పిల్లను లంకకు తీసుకెళ్ళాను. మణెమ్మ అప్పుడే సాయంకాలం పాలు పితుకుతోంది. ఉదయశ్రీ పట్టీ ముంచి చూసింది. రంగు మారలేదు. మూడు పట్టీలు ముంచింది. మూడూ అలాగే ఉన్నాయి.

"మందు లేదండీ" అంది నాతో.

"నేను చెప్తే నమ్మరు, కాగితం ముక్క చెప్తే నమ్ముతారు" అంది మణెమ్మ, పాలచెంబు దించుతూ. "కూర్చో తల్లీ. మంచినీళ్ళు తాగుతావా?"

ఉదయశ్రీ నీళ్ళు తాగలేదు, పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పొయ్యి మీద గిన్నెలో జామాకులు తెర్లుతున్నాయి. నీళ్ళు టీ డికాషన్ రంగుకు తిరిగాయి. మణెమ్మ ఆ నీళ్ళు మరిగేవి మరుగుతుండగానే క్యానులో పోసి, తిప్పి, పారబోసి, క్యానును ఎండలో బోర్లించింది. ఒక రెమ్మను అదే నీళ్ళలో ముంచి తీసి పక్కన పెట్టింది.

"ఇది ఎందుకండీ మామ్మగారూ?"

"మా అత్తగారు చేసేది. ఆకు వాసనకు ఈగ వాలదు, క్యాను ముక్కవాసన రాదు. రెమ్మ ఉంటే పాలు తొణకవు. అంతకంటే నాకేం తెలుసు?"

ఉదయశ్రీ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. ఆ రాత్రి తోమా ఇంట్లో పడుకుని, పొద్దున్న నాతో పాటు రేవుకు వచ్చింది. నేను ఎప్పటిలాగే గడ్డి చుట్టలు చుట్టి, కాలువ నీళ్ళలో ముంచి, పిండి, క్యానులలో దూరుస్తున్నాను. పొడిగడ్డి విరిగిపోతుంది. తడిపితేనే మూతిలో కుదురుతుంది. పై చెరువుల్లోంచి చేపల మేత కలిసిన నీళ్ళు వదిలేది ఆ కాలువలోకే. నలభై ఏళ్ళుగా అక్కడే ముంచుతున్నాం.

ఆ పిల్ల నా చేతుల వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఒక చుట్ట అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది.

మూడు రోజులు కేంద్రంలో పరీక్షలు చేసింది. ఒకే గేదె పాలు నాలుగు క్యానులలో. ఒకదానిలో ఏమీ లేదు. రెండో దానిలో నా గడ్డి. మూడోది జామాకు నీళ్ళతో కడిగి, రెమ్మ పెట్టింది. నాలుగో దానిలో తన సీసాలోని రసం. మూడో రోజు నన్ను పక్కకు పిలిచింది.

"బాబాయ్ గారూ, ఉత్త క్యాను నాలుగున్నర గంటలు నిలిచిందండి. నా సీసా రసం వేసింది పావుగంట ఎక్కువ, అంతే. మామ్మగారి పద్ధతి దగ్గర దగ్గర ఆరు గంటలు."

"అయితే ఆకు పనిచేసినట్టే కదమ్మా."

"చేసిందండి. పాలలో వేస్తే కాదు, క్యానుకు పడితే చేసింది. గిన్నెకు అంటుకుని ఉండే క్రిముల్ని పట్టుకుంటోంది. నేను ఎనిమిది నెలలు పాలనే చూశాను గానీ గిన్నెను చూడలేదు." చేతిలోని పుస్తకం పేజీ తిప్పింది. "గడ్డి పెట్టింది రెండు గంటలు కూడా నిలవలేదండి. మూడు రోజులూ అంతే."

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను.

"మామ్మగారి పాలు మరీ ఎక్కువ మంచివేం కాదండి. మిగతా ఇరవై ఒక్క ఇళ్ళ పాలే చెడిపోతున్నాయి. ఆ కాలువ నీళ్ళ వల్ల." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "సార్‌కి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆ మాట నన్ను అడగనక్కర్లేదు. ఏలూరులో ఆ రోజు నన్ను ఎవరూ అలా అడగలేదు. నేనే వెళ్ళి చెప్పాను.

శ్రీనివాసరావు గారు అంతా విని నుదురు రుద్దుకున్నారు.

"మందు లేదు, బాగానే ఉంది. కానీ ఆకు వేస్తోంది కదండీ ఆవిడ. పాలలో ఏదీ వెయ్యకూడదని రూలు."

"మరి గడ్డో?" అన్నాను.

"గడ్డి వెయ్యడం కాదు కదండీ, పెట్టడం. మళ్ళీ తీసేస్తాం."

"ఆకునూ తీసేస్తారుగా."

ఉదయశ్రీ కల్పించుకుంది. "రెండూ వద్దండి సార్. ఆకు నీళ్ళతో క్యాను కడిగి, ఆరబెట్టి, మంచి మూత పెడితే చాలు. కడగడానికి రూలు అడ్డురాదు కదండీ."

"సరే. రేపట్నుంచి పొయ్యమనండి ఆవిణ్ణి. కొత్త మూతలకు నేను రాస్తాను. గడ్డి సంగతి ఊళ్ళో ఎందుకులెండి గంగరాజు గారూ. మీరు మానేస్తారు, అంతటితో సరి. తెలిస్తే రూటుకు మనిషిని మార్చమంటారు. మీకే ఇబ్బంది."

ఆయన నా మంచికే చెప్పారు. నన్ను ఎవరైనా ఇలా కాపాడాలని పదకొండేళ్ళ కింద ఎంత కోరుకున్నానో. దోనెలో తిరిగి వస్తూ ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాను. పాలు తీసుకుంటారు, మాట మాసిపోతుంది, అంతే కదా.

సాయంకాలం మణెమ్మ ఇంటికి వెళ్ళి చెప్పాను.

"రేపట్నుంచి పొయ్యండి మణెమ్మ గారూ. ఒప్పుకున్నారు."

ఆవిడ దూడ మెడ గోకుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఏం ఒప్పుకున్నారు బాబూ?"

"పాలు తీసుకోవడానికి."

"మందు కలపలేదని ఒప్పుకున్నారా?"

"పట్టీలో చూశారుగా."

"నేను చూశాను. ఆ పిల్ల చూసింది. మీరు చూశారు. తోమా కోడలు చూసిందా?" ఆవిడ దూడను వదిలి నా వైపు తిరిగింది. "రేవులో ఇరవై మంది ముందు ఆపారు. ఇప్పుడు చీకటి పడే వేళ వచ్చి పెరట్లో చెప్తున్నారు. ఎవరినో పట్టుకుని మళ్ళీ పోస్తోందంటారు నన్ను. ఎందుకాపారో, ఎందుకు తీసుకుంటున్నారో అక్కడే చెప్పండి. చెప్తే పోస్తాను. లేకపోతే నా దూడ బలుస్తుంది."

నేను గట్టు వెంట ఇంటికి వచ్చేశాను. ముసలావిడ మొండిదని తిట్టుకున్నాను. మళ్ళీ అనుకున్నాను, నా పేరు పోయినప్పుడు నేను మొండికెయ్యలేదు. వెయ్యడానికి నా దగ్గర నిజం లేదు. ఆవిడ దగ్గర ఉంది.

పొద్దున్న రేవుకు ఉత్తచేతులతో వెళ్ళాను. గడ్డిమోపు తేలేదు. క్యానులన్నీ గట్టు మీద వరసగా ఉన్నాయి. మణెమ్మ కాస్త దూరంగా తన క్యానుతో నిలబడి ఉంది.

"చుట్టలేవి?" అన్నాడు తోమా.

"లేవు. ఇంక ఉండవు." నలుగురిలో మాట్లాడటం నాకు రాదు, కసురుకోవడమే వచ్చు. "మణెమ్మ గారి పాలలో మందు లేదు. పట్టీ పెట్టి చూశారు, నా కళ్ళ ముందే. ఆవిడ క్యాను ఆకు మరిగించిన నీళ్ళతో కడుగుతుంది, అందుకని పాలు ఆగుతాయి. మీ పాలు విరిగేది మీ గిన్నెల వల్ల కాదు. నేను కాలువలో ముంచి పెట్టే గడ్డి వల్ల. దాన్ని కూడా పరీక్ష చేశారు."

తోమా నా దగ్గరికి వచ్చాడు.

"అయితే పోయినేడు మా పాలు ఆరుసార్లు తిరిగొచ్చాయి. నువ్వేగా మా ఆవిడకు గిన్నె తోమడం రాదన్నది?"

"నేనే."

"ఆవిడ ఏడ్చింది తెలుసా? బూడిద పెట్టి, చింతపండు పెట్టి, చేతులు పుళ్ళు పడేట్టు తోమింది."

"తెలీదు."

"తెలీదట" అన్నాడు అందరి వైపూ తిరిగి. ఇంకెవరో వెనక నుంచి, "ఏలూరులో సోడా, ఇక్కడ మురుగునీళ్ళు. అలవాటు ఎక్కడికి పోతుంది?" అన్నారు. ఎవరన్నారో చూడలేదు. అన్న మాట అబద్ధమేం కాదు. ఒకావిడ తన క్యాను తీసుకుని ఇంటికి వెళ్ళిపోబోయింది. తోమా కేంద్రానికి ఫోన్ చేస్తానన్నాడు, రూటుకు వేరే మనిషిని అడుగుతానన్నాడు.

"అడుగు" అన్నాను. "వచ్చేదాకా నేను తీసుకెళ్తాను. ఆ తర్వాత నీ ఇష్టం."

అప్పుడు మణెమ్మ గట్టు దిగి వచ్చింది. తోమా పక్కన ఆగింది.

"మీ మనవరాలికి పాలు పక్కన తీసి ఉంచాను. కోడల్ని పంపించు" అంది. తోమా తల వంచుకుని, "ఆయ్, పంపుతానండి" అన్నాడు.

ఆవిడ నీళ్ళలోకి రెండడుగులు వేసి, పదిహేడో నంబరు క్యాను తనే ఎత్తి దోనెలో పెట్టింది. అందులో రెమ్మ లేదు. పాలు అంచు దాకా ఉన్నాయి, కొంచెం తొణికాయి.

"ఇంకా ఏం చూస్తారు?" అంది రేవు మొత్తంతో. "తిట్టాలనుంటే సాయంకాలం తిట్టండి, ఇక్కడే ఉంటాడుగా. పాలకు ఎండ తగులుతోంది. ఎక్కించండి."

ఒక్కొక్కరే క్యానులు తెచ్చారు. నా చేతికి ఇవ్వలేదు, వాళ్ళే ఎక్కించారు. నేను గెడ తీసుకుని దోనెను నెమ్మదిగా, ఎప్పుడూ నడపనంత నెమ్మదిగా, కాలువలోకి తోశాను.